ఆగే వేగం

పరిశోధన పత్రికకు వ్యాసం పంపిన సంగతి ఆమె భర్తకు చెప్పలేదు.

ఆయన విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. లేజర్ ప్రయోగశాల ఆయనదే. ఒకప్పుడు ఆమె కూడా అక్కడే పరిశోధన చేసింది. బాబు పుట్టాక మానేసి, ఇంటి దగ్గరి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. సెలవు దొరికితే చాలు, వంటగది బల్ల మీద కూరగాయలు పక్కకు నెట్టి లాప్‌టాప్ తెరుస్తుంది.

"మా వాడితో కంటే ఆ కంప్యూటర్‌తోనే ఎక్కువ కాపురం చేస్తోంది" అనేవారు అత్తగారు, బీన్స్ ఈనెలు తీస్తూ.

లేజర్ ఒక్కసారి మెరిస్తే ద్రవంలో రాడికల్స్ అనే చురుకైన కణాలు పుడతాయి. అవి అణువులను ఒక్కొక్కటిగా తగిలించుకుంటూ గొలుసులుగా సాగుతాయి. రెండు గొలుసుల కొసలు ఎదురుపడి అతుక్కుంటే ఇక రెండూ పెరగవు. గొలుసు ఎంత పొడుగున్నా అలా ఆగే వేగం ఎప్పుడూ ఒకటేనని భర్త సిద్ధాంతం. ఆయనకు పేరు తెచ్చింది అదే. కానీ ఆయన అచ్చువేసిన కొలతలే ఆ లెక్కకు లొంగలేదు. "పరికరం పొరపాటు" అని కొట్టిపారేశారు.

ఆమెకు అలా అనిపించలేదు. గొలుసు పొడుగయ్యేకొద్దీ కదలలేక నెమ్మదిస్తుంది. నెమ్మదిగా కదిలేవి ఎదురుపడటం ఆలస్యమే కదా? ఆ మాటను సమీకరణాల్లో పెట్టింది. గ్రాఫ్‌లో ఆ లెక్క గీసిన గీత వెళ్లి ఆయన కొలతల మీదే కుదురుగా కూర్చుంది. ఒక్క చుక్కా పక్కకు పోలేదు.

ఆ పూట కూర మాడింది. అత్తగారి సణుగుడు ఆమె చెవికెక్కలేదు.

ఆ పత్రికవాళ్లు రచయిత పేరు తీసేసి వ్యాసాన్ని సమీక్షకులకు పంపుతారు. ఆమెకు నచ్చింది అదే. ఫలానా వారి భార్య అని కాకుండా పని చూసి ఔనో కాదో చెప్తారు. అచ్చయ్యాక తెచ్చి ఆయన చేతిలో పెట్టాలనుకుంది. కోపమొస్తుందేమో. గర్వపడతారేమో. గర్వపడతారనే మనసు చెప్పింది.

ఎదురుచూపుల్లోనే నెలలు గడిచాయి. ఆ మధ్యలో భర్త ఎందుకో మెత్తబడ్డారు. కాఫీ ఆయనే కలిపి తెచ్చేవారు. "బాగా చిక్కిపోయావు. ఎందుకా శ్రమ, కాస్త విశ్రాంతి తీసుకోరాదూ" అనేవారు. పెళ్లయిన కొత్తలో కూడా ఎరగని ఆపేక్ష. ఆమె లోలోపలే మురిసిపోయింది.

ఒక మధ్యాహ్నం జవాబు వచ్చింది. మొదటి సమీక్షకుడు మెచ్చుకున్నాడు. రెండో అతను చీల్చి చెండాడాడు. "ప్రయోగశాల గడప తొక్కని వారి కాలక్షేపం ఇది" అని రాశాడు. సంపాదకుడు రెండో మాటే విన్నాడు.

ఆమె లాప్‌టాప్ మూసేసింది. బీన్స్ ముందుకు లాక్కుని తరగడం మొదలుపెట్టింది. ఎంత సన్నగా తరుగుతోందో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం భర్త వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏంటలా ఉన్నావు?"

"తలనొప్పండీ."

"మాత్ర వేసుకున్నావా?"

"అదే తగ్గిపోతుందిలెండి."

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ పేపర్ మీద నేనంత ఘాటుగా రాశానని మనసు కష్టపెట్టుకోకు, ముందు నా పేరు, తర్వాత నీ పేరు వేసి పంపుదాం, ఈసారి కాదనేవాడు ఉండడు."