అమ్మ పెట్టిన కాగితాలు

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో అనే ఊరి బజారులో ఎర్లిండా ఎండుచేపలు తూస్తుండగా అమెరికా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ అమ్మ పోయిందట.

జీపు నడిపే డోమెంగ్‌కి కబురందింది. వచ్చేసరికి ఎర్లిండా ఏడవకుండా చేపలు సర్దుతోంది.

పదమూడేళ్ల కిందట, పెళ్లికాని కూతురిని రప్పించుకోవడానికి అమ్మ అక్కడ వీసా కాగితాలు పెట్టింది. ఏటా ఇంతమందికే అని లెక్క కాబట్టి వరస కదలదు. పెళ్లి చేసుకుంటే ఇంకా ఏళ్లు వెనక్కి పోతుంది. అందుకే ఇన్నేళ్లూ డోమెంగ్‌ని పెళ్లికి ఆగమంటూ వచ్చింది ఎర్లిండా. చివరికి వరస వచ్చింది; వచ్చే మంగళవారమే మనీలాలో ఇంటర్వ్యూ.

"మంగళవారం వెళ్తావా మరి?" అన్నాడు డోమెంగ్ మెల్లిగా.

"ఎందుకూ? పెట్టిన మనిషి పోతే కాగితాలూ పోయినట్టేనట. తమ్ముడు వకీలుని అడిగాడు."

ఎర్లిండా ఇంకో చేప తీసి గంపలో పెట్టింది.

"మంచాన పడ్డాక ఇంటికొచ్చేస్తానని ఎంత బతిమాలిందో! నేనొచ్చి చూసుకుంటాను, ఇంకొన్నాళ్లు ఓర్చుకో అమ్మా అని నేనే ఆపాను."

అతను ఆమె చేతులకంటిన ఉప్పు తుడిచాడు. "లిండా, ఇక కాగితాల భయం లేదుగా. పెళ్లి చేసుకుందామా?" అన్నాడు.

"తల్లి పోయిన ఇంట్లో ఏడాది దాకా పెళ్లేమిటి? ఆగాలి."

డోమెంగ్ నెరిసిన తల పైకెత్తి చూశాడు.

"ఒక్క ఏడాదేనా?" అన్నాడు.

అప్పుడు వచ్చింది ఎర్లిండాకి ఏడుపు.