పసుపు స్టిక్కర్లు

"ఈ ఏడు ఫ్లూ సూది వద్దులే మావిస్. బీపీ బిళ్లలిచ్చెయ్, పోతాను" అన్నాడు నీల్స్.

మావిస్ బిళ్లల సీసా కౌంటరు మీద పెట్టింది కానీ, దాని మీంచి చెయ్యి తియ్యలేదు. "ఎందుకొద్దు? పోయినేడు అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచింది నువ్వే కదా."

"మడిచాను. తర్వాత చాన్నాళ్లు ఆ భుజం పైకి లేవలేదు."

"సూదన్నాక ఆ మాత్రం నొప్పి ఉండదా? గోధుమ బస్తాలు మోసిన మనిషివి, దోమ కుట్టినదానికి ఏడుస్తావేం?"

"అయినా ఇప్పుడు ఒంట్లో బాగానే ఉందిలే."

"బాగున్నవాళ్లకే వేస్తారు నాయనా. పోయాక వెయ్యరు."

మామూలుగా అయితే ఇంత మాటకు నీల్స్ పక్కవీధికి వినబడేలా నవ్వుతాడు. ఇవాళ నవ్వలేదు. సీసా అందుకుని, కనీసం మంచు ఎప్పుడు పడుతుందో కూడా అనకుండా వెళ్లిపోయాడు. రైతన్నవాడు వాతావరణం ఊసెత్తకుండా షాపు దాటాడంటే ఏదో దాస్తున్నట్టే.

నీల్స్ ఒక్కడే అయితే మావిస్ పట్టించుకునేది కాదు. ఊరు ఊరంతా ఇదే పాట. ఆ ప్రెయిరీ గడ్డిమైదానాల ఊళ్లో డాక్టరు లేడు, ఉన్నదల్లా మావిస్ మందుల షాపే. ఒక చలికాలం ఫ్లూ వచ్చి వృద్ధాశ్రమంలో సగం మంచాలు ఖాళీ చేసింది. వాటిలో ఒకటి మావిస్ తల్లిది. అప్పుడు ఒట్టు పెట్టుకుంది, ఈ ఊళ్లో సూది పడని మనిషి ఉండకూడదని. ఏటా థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లగానే పేరుపేరునా ఫోన్లు చేస్తుంది, సస్కటూన్ పళ్ల మఫిన్లు చేసి పెడుతుంది. సూది వేయించుకున్నవాళ్లకు ఒక పసుపు స్టిక్కరు అంటిస్తుంది. అది లేకుండా కనబడినవాణ్ణి ఊరే ఏడిపించి షాపుకు తోలుతుంది. చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఇంతమంది వేయించుకోరని ఆవిడ గర్వం.

ఈ ఏడు ఫ్రిజ్ నిండా మందు అలాగే ఉంది. మఫిన్లు ఎండిపోయాయి. అమ్మ పోయిన చలికాలం మళ్లీ వస్తుందేమోనని మావిస్‌కు నిద్ర పట్టడం లేదు.

ఆఖరికి చిన్ననాటి నేస్తం ఫెర్న్ కూడా మారిపోయింది. మావిస్ కప్పులో అంచుదాకా కాఫీ పోసే మనిషి, ఈమధ్య సగమే పోస్తోంది. సూది మాటెత్తితే "చూద్దాంలే" అని తప్పుకుంటోంది.

ఆ సాయంత్రం మావిస్ ఐసు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆటకు వెళ్లింది. అందరూ కోట్లు గోడకు తగిలించి ఐసు మీద ఉన్నారు. నీల్స్ కోటు కొక్కెం మీంచి జారిపడితే తీసి తగిలించబోయింది. లోపలివైపు నీలం స్టిక్కరు కనబడింది. పక్క కోటు తిప్పి చూసింది. దానికీ ఉంది. ఆ పక్కదానికీ.

నీలం స్టిక్కర్లు పక్క పట్నంలోని కోల్బీ షాపువి. కోల్బీకి సూది పట్టడం నేర్పింది మావిస్. తన భుజమే ఇచ్చి నేర్పింది. ఏకై వచ్చినవాడు మేకై కూర్చున్నాడు.

నీల్స్ ఐసు దిగి రాగానే అడిగింది. "అంతదూరం ఎలా వెళ్లారు?"

నీల్స్ బూట్ల వంక చూసుకున్నాడు. "ఫెర్న్ వ్యాన్లో."

మావిస్ విసురుగా షాపుకు తిరిగొచ్చింది. ఆ కోపంలో తాళంచెవి కన్నంలోకి ఎక్కడానికే చాలాసేపు పట్టింది. లోపలికి వెళ్లగానే ఫెర్న్‌కు ఫోన్ చేసి రమ్మంది.

"అందర్నీ వాడి దగ్గరికి తోలింది నువ్వేనా?"

"నేనే" అంది ఫెర్న్.

"కనీసం అబద్ధమైనా ఆడవేమే?"

"నీతో ఆడి ఎప్పుడు గెలిచాను?"

"వాడేం ముట్టజెప్పాడు నీకు?"

"ఏం లేదు. వాణ్ణి ఒప్పించేసరికి నా తాతలు దిగొచ్చారు. ఏడ్చాడు కూడా."

"మొసలి కన్నీళ్లు. నేను చేసిన తప్పేంటే? ఒకరి మందు ఇంకొకరికిచ్చానా?"

"లేదు."

"ఎవర్నైనా మాట తూలానా?"

"రోజూ తూలతావు. అదెవరు పట్టించుకుంటారు?" ఫెర్న్ గొంతు తగ్గించింది. "సూది పడని మనిషి ఉండకూడదన్నావు కదా. లేరు. అందరికీ పడింది."

"నా చేత్తో పడలేదు."

ఫెర్న్ మావిస్ చేతుల వంక చూసింది. ఊరు వెళ్లిందంటే వెళ్లింది. కానీ కంచే చేను మేస్తే ఇక చెప్పుకునేదెవరికి? మావిస్‌కు ఏడుపొచ్చింది. ఏడవకూడదని ఇంకా గట్టిగా అరిచింది.

"నీకూ వాడే వేశాడా?"

"లేదు. వాళ్లంతా లోపలికెళ్లారు. నేను వ్యాన్లోనే కూర్చున్నా."

"ఎందుకు?"

"కాళ్లు రాలేదే."

"అయితే కోటు విప్పు. నామీద రవ్వంత నమ్మకం మిగిలుంటే ఆ కుర్చీలో కూర్చో. లేదంటే ఇటునుంచిటే వెళ్లిపో, మళ్లీ నా గుమ్మం తొక్కకు."

ఫెర్న్ తలుపు వైపు వెళ్లలేదు. కోటు విప్పి కుర్చీ వెనక వేసింది. కూర్చుని, చొక్కా చెయ్యి భుజందాకా మడిచింది.

మావిస్‌కు కాస్త ఊపిరాడింది. ఊరంతా వెన్ను చూపినా ఒక్క మనిషి మిగిలింది. స్పిరిట్ దూదితో భుజం తుడిచి, సూది మూత తీసింది.

"కళ్లు మూసుకో. నీకు సూదంటే భయం కదా."

ఫెర్న్ కళ్లు మూసుకోలేదు.

పోయినేటి నుంచీ కాఫీ కప్పు పట్టినా వణుకుతున్న మావిస్ మణికట్టును రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.