అతికిన కాలికి కట్టు

స్నానాలగదిలో జారిపడి పొద్దున్న విరిగిన మంగతాయారు కాలు మధ్యాహ్నం భోజనాల వేళకి అతుక్కుపోయింది. వీధి చివర మందుల షాపువాడు ఎముక జిగురు సూదేసి, "ఇక లేచి వంట చేసుకోండమ్మా" అనేశాడు. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. సూదులు రాని రోజుల్లో ఎవరి కాలు విరిగినా బత్తాయిలు పట్టుకెళ్ళి పరామర్శించి వచ్చిన మనిషి. తన వంతు వచ్చేసరికి ఇలాగా?

పాత చీర చింపి, పసుపు రాసి, కాలికి ఇంత లావు కట్టు కట్టుకుని మంచమెక్కింది.

"అతుక్కుందిగా?" అన్నాడు మొగుడు భాస్కరం.

"ఎముక అతుక్కుంది. నేనింకా కోలుకోలేదు. కాఫీ పట్రండి."

సాయంత్రం ఆడపడుచు అనసూయ బత్తాయిలతో దిగింది. పడిన వైనమంతా కళ్ళొత్తుకుంటూ విని, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"నీ కాలు అతుక్కునే ఉంటుందని తెలుసులే వదినా. ఆ కట్టు ఓసారి నాకిస్తావా? మొన్న నా చెయ్యి విరిగింది. గంటలో అతుక్కుందని ఇంట్లో ఒక్కరూ అయ్యో అనలేదు."

మంగతాయారు గబగబా కట్టు విప్పి ఆమె చేతికి చుట్టింది. "అయ్యో, ఎలా పడ్డావు వదినా?" అంటూ పక్కన కూర్చోబెట్టుకుని, వంటింటివైపు కేకేసింది.

"ఏవండీ, మీ చెల్లాయికి చెయ్యి విరిగిందిట. కాఫీ రెండు!"