వేలు తియ్యొద్దు సర్

“నీ పేరు తీసేసిన,” అన్నాడు ఉమేశ్, టీ కప్పు కింద పెడుతూ.

వత్సల తన కంప్యూటర్ వైపు చూసింది. ఆమె చేసిన బొమ్మ తెర నిండా కదులుతోంది. బొమ్మంటే చెట్టూ పిట్టా కాదు. పసుపు చుక్కలు, నీలం గీతలు. మౌస్ ఎటు జరిపితే అటు వంగుతాయి, వదిలేస్తే మళ్ళీ లేస్తాయి. ఏ వెబ్‌సైట్ తెరిచినా ముందు ఇలాంటిదొకటి కనిపించాలని గిరాకీలు అడుగుతున్నారు. నాందేడ్ మొత్తానికి అది బాగా చెయ్యగలిగింది వత్సలే.

కింద మూలన చీమ తలకాయంత ఉన్న ఆమె పేరు పోయింది. ఆ చోట ఏనుగంత ‘ఉమేశ్’ కూర్చుంది.

“ఎందుకు తీసిండ్రు సర్? చేసింది నేను గద.”

“చేసింది నువ్వే. పగార్ ఇచ్చేది ఎవలు? కంపెనీ పనిల పేర్లు గీర్లు ఉండయ్.”

“మీ పేరు ఉంది గద.”

ఉమేశ్ చెవులు ఎర్రబడ్డాయి. కప్పు తీసుకుని తన సీటుకు నడిచాడు.

ఇద్దరివీ మహారాష్ట్ర వైపు, తెలంగాణ సరిహద్దు ఊళ్ళే. ఆయనది మర్ఖేల్, ఆమెది ముఖేడ్ పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. మనవాడే కదా, మంచీ చెడ్డా చూస్తాడని నమ్మి వత్సల నాందేడ్ వజీరాబాద్ పేటలోని ఈ ఆఫీసులో చేరింది. మనవాడు ఆమె పనిని కూడా మనదే అనుకున్నాడు.

వత్సల ఊరుకునే రకం కాదు. తర్వాత చేసిన బొమ్మలో తన పేరును వెనకాల రంగులోనే కలిపేసింది. ఉమేశ్ దాన్ని పెద్దది చేసి చూసి పట్టుకున్నాడు. ఆఫీసంతటినీ పిలిచి చూపించాడు.

“పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు చేస్తున్నవా? ఇంకోపారి నీ పేరు కనబడిందో, నౌకరి లేదు!”

అందరూ నవ్వారు. పక్క సీటు ప్రణాలి మాత్రం నవ్వలేదు. మెట్ల మీద ఆమె వత్సల చెయ్యి పట్టుకుంది.

“పేరుతోని ఏం జేస్తవే? ఊకోరాదూ.”

“కడుపు మండుతుంది ప్రణాలి. నా బిడ్డను ఇంకొకడు ఎత్తుకొని నాదే అంటే ఊకుంటనా? ఊకోను.”

ఆ నెలే నిజామాబాద్ నుంచి పెద్ద గిరాకీ తగిలింది. అక్కడ కొత్త బట్టల షోరూం కడుతున్న సేఠ్‌కు గుమ్మం దగ్గర గోడంత తెర కావాలట. వచ్చినవాళ్ళు తాకితే బొమ్మ ఆడాలట.

“నా చేతితోనే చేస్తున్న సేఠ్,” అని ఉమేశ్ ఫోన్లో చెబుతుంటే వత్సల ఎదురుగానే ఉంది. 

ఆ రోజు నుంచి ఆమె తీరు మారింది. సాయంత్రం బస్టాండులో తన బస్సు వెళ్ళిపోతున్నా పట్టించుకోదు. నిజామాబాద్ నుంచి వచ్చిన బస్సుల ముందు నిలబడి, వాటి బోర్డులనే చూస్తూ, అరచేతిలో వేలితో ఏదో గీసుకుంటుంది. ఆ బస్సెక్కి ఎక్కడికో పారిపోతుందని ప్రణాలి భయపడింది.

పారిపోలేదు. కొత్త బొమ్మ తెచ్చి ఉమేశ్ ముందు పెట్టింది.

నల్లటి తెర. దాని మీద ఎర్రటి వంకరలు. నిండు గుండ్రాలు, అర గుండ్రాలు, కొక్కేలు, తోకలు. వేలు తగిలితే చేపపిల్లల్లా చెదిరిపోతాయి.

“ఏందిది, జిలేబీలా?”

“అబ్‌స్ట్రాక్ట్ సర్. ఎవలకు ఎట్ల తోస్తే అట్ల.”

ఉమేశ్ నాలుగు మూలలూ వెతికాడు. పెద్దది చేసి చూశాడు. ప్రోగ్రాంలో వత్సల పేరుందేమో చూడమని ప్రణాలిని కూర్చోబెట్టాడు. ఇంగ్లీషులో వెతికించాడు, మరాఠీలో వెతికించాడు. అంకెలు తప్ప ఏమీ దొరకలేదు.

“గిప్పుడు దారికొచ్చినవ్,” అన్నాడు.

“ఒక్కటి సర్. అందరు తాకి వదిలేస్తరు. మీరు నడుమల వేలు పెట్టి తియ్యకుండ పట్టుకోండ్రి. మస్తు గమ్మతుంటది.”

పట్టుకున్నాడు. చెదిరిన వంకరలన్నీ మెల్లగా నడిమికి వచ్చి, ఒకదాన్నొకటి ఆనుకుని కుదురుకున్నాయి.

“వారెవా! ఫోటో గిట్లనే దిగాలె,” అన్నాడు ఉమేశ్.

సేఠ్ నాందేడ్ వచ్చిన రోజు ఉమేశ్ ఒక హాలు తీసుకున్నాడు. పేపర్లవాళ్ళను పిలిచాడు. కొత్త కోటు తొడుక్కున్నాడు. వత్సలను టీలు చూసుకోమన్నాడు.

ఆమె ట్రే పట్టుకుని హాలు చివర నిలబడింది.  నౌకరి పోతుందని తెలుసు. పోనీ అనుకుంది.

“ఇందుల ఒక్కొక్క గీత నా చేతిదే సేఠ్!” అంటూ ఉమేశ్ తెర నడుమ వేలు ఆనించాడు. ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. ఉమేశ్ ముఖం అటు తిప్పాడు. ఎర్రటి వంకరలు ఒక్కొక్కటే కదిలాయి.

వత్సల ట్రేను కుర్చీ మీద పెట్టేసి, చేతులు దులుపుకుని ముందు వరస దాకా నడిచింది.

“వేలు తియ్యొద్దు సర్,” అంది, హాలంతా వినబడేలా.

ఉమేశ్ తియ్యలేదు.

పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడుతున్నా ఒక్క తెలుగు అక్షరం చదవడం రాని ఉమేశ్ కెమెరాకేసి నవ్వుతూ ఉండగా, నిజామాబాద్ సేఠ్ కళ్ళజోడు సర్దుకుని, ఆ వేలి కింద కుదురుకున్నదాన్ని గట్టిగా చదివాడు: “గిది వత్సల చేసింది.”