ఐస్‌ఫ్రూట్ పుల్లలు

"నోరు తెరు బిడ్డా. ఇంకో పుల్ల పడుతది."

బసవయ్య పుష్ప పళ్ల మధ్య ఐస్‌ఫ్రూట్ పుల్లలు ఒకదాని మీద ఒకటి దూరుస్తున్నాడు.

ఎనిమిదేళ్ల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. దవాఖాన మంచం పక్కనే తల్లి నీలమ్మ చెవులు మూసుకుంది.

చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డప్పటి నుంచి పుష్ప దవడ కీలు బిగుసుకుపోయింది. గడ్డం ఎదగలేదు. వెల్లకిలా పడుకుంటే నాలుక గొంతుకు అడ్డంపడి ఊపిరి ఆగేది. కూర్చునే నిద్రపోయేది.

డాక్టరు చెవి ముందు కోసి, అతుక్కున్న ఎముక తీశాడు.

"రోజూ పుల్లలు పెట్టి నోరు సాగదీయాలి. లేకుంటే మళ్లీ మూసుకుంటుంది" అన్నాడు.

అప్పుడు దిగబడ్డాడు ఈ బసవయ్య. కాంపౌండరు కాదు. ఎవరికీ చుట్టమూ కాదు. పాతబస్తీ హుస్సేనీ ఆలం నుంచి సైకిల్ మీద రోజూ వస్తాడు.

"ఎవరక్కా ఈయన?" వార్డు ఆయా కాశమ్మను అడిగింది నీలమ్మ.

"ఎరుకే గానీ, చెప్పొద్దన్నడు. తల్లులు భయపడ్తరంట."

ఆ రోజు పుష్ప పెదవి చీలి నెత్తురొచ్చింది.

"బస్ జెయ్యన్నా! కసాయోనివా ఏంది?" నీలమ్మ పుల్లలు లాగి పారేసింది.

"ఏడ్వనియ్యి చెల్లె. ఏడిస్తే ఏం గాదు."

"కడుపుతీపి అంటే నీకేం ఎరుక! మల్ల ఈ మంచం కాడికొస్తే లొల్లి జేస్త."

బసవయ్య పుల్లలు ఏరి, తుడిచి, మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు.

మాదన్నపేటలో ఇంటికొచ్చాక పిల్ల కళ్లలో నీళ్లు తిరిగితే చాలు, "రేపు పెడ్త తియ్యి" అనేది నీలమ్మ.

నెల తిరగకముందే నోరు మళ్లీ బిగిసింది. ఓ మధ్యాహ్నం చాప మీద పిల్ల గురక టక్కున ఆగింది. పెదాలు నల్లబడ్డాయి. ఎత్తి కూర్చోబెడితేగానీ ఊపిరి తిరగలేదు.

నీలమ్మ పిల్లను ఎత్తుకుని రిక్షాలో దవాఖానకు ఉరికింది.

"కీలు దగ్గర ఎముక ఇంకా గట్టిపడలేదు. ఇవాళ్టి నుంచి ఒక్కరోజు కూడా ఆపొద్దు" అన్నాడు డాక్టరు.

"బసవన్నను పిలువు కాశమ్మక్కా, కాళ్లు మొక్కుత."

"ఏడికెల్లి పిలువాలె? బోనాలకు ముంగటనే సచ్చిపోయిండు గదే."

నీలమ్మ తనే పుల్లలు పట్టుకుంది. పుష్ప ఏడ్చింది. తనూ ఏడ్చింది. చెయ్యి మాత్రం ఆపలేదు.

"ఇప్పుడన్న చెప్పక్కా, ఎవరాయన?"

కాశమ్మ గొంతు తగ్గించింది. "ఆయన కొడుక్కు గూడ గిదే ఆపరేషన్ అయింది, పోరడు ఏడుస్తుంటే సూడలేక పుల్లలు పెట్టుడు ఇడిసిపెట్టిండు, నిద్రలనే పానం పోయింది."