గొట్టం దగ్గరికి రావద్దు

"మట్టెలు గూడ తియ్యి."

పుష్పలత గడప దగ్గరే కూర్చుని మట్టెలు తీసింది. గాజులు, పుస్తెలతాడు అప్పటికే తీసి అత్త చేతిలో పెట్టింది.

"మొగడు బతికుండంగ మెడల పుస్తెలు తీపిస్తరార? నీ సదువు మీద మన్నువడ!" రాజమణి కొడుకును తిట్టింది.

"ఒంటి మీద బంగారం, వెండి ఉంటె లెక్క తప్పుతున్నదేమో చూస్తున్ననే అవ్వా. జర ఊకో."

వెంకట్రాజం జనగామ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఇంటి వెనకగదిలో గాజుగొట్టం అమర్చి, పంపుతో గాలి తోడేసి, పలచగా ఆర్గాన్ వాయువు నింపి, అందులో ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా పోతాయో కొలుస్తున్నాడు. అణుకణాలను పట్టే పరికరాలు చేసేవాళ్ళకు ఆ లెక్కలు కావాలి. అతనికి డాక్టరేటు కావాలి. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో చదువు ఒక ఏడాది మూలపడింది, ఇక ఈ యేడు దాటితే గడువు లేదు. పంపు ఆగితే పని మొదటికొస్తుంది. అందుకే భార్య గర్భసంచి గడ్డతో పట్నం దవాఖానలో ఉన్నన్నాళ్ళూ అటు తొంగిచూడలేదు. ఆమె అన్నే వెంట ఉన్నాడు.

ఆమె తిరిగొచ్చిన నాటి నుంచీ గొట్టానికి పిచ్చి పట్టింది.

పుష్పలత బోసి మెడతో గదిలోకి అడుగుపెట్టింది. గొట్టంలో ఎలక్ట్రాన్లు పుట్టినప్పుడల్లా టక్కుమనేలా తగిలించిన స్పీకరు ఆగకుండా టకటకలాడింది.

"నువ్వొస్తెనే గిట్లయితది! చీర రాపిడో, ఏందో! నా పనయ్యేదాంక బచ్చన్నపేటల మీ తల్లిగారింట్ల ఉండు."

"నెత్తురు పోవుడు ఆగుతలేదు. నన్ను మళ్ల దవాఖానకు తీస్కపోండ్రి."

"పనైనంక పోదాం."

ఆమె తల్లిగారింటికి పోయింది. గొట్టం కుదురుకుంది. అంకెలు ముత్యాల్లా వచ్చాయి. నిజం చెప్పాలంటే, అంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా లేదు.

పరిశోధన గైడ్ చూడ్డానికి వచ్చిన రోజు వంటకని ఆమెను పిలిపించారు. మనిషి సగమైంది. చాయ్ గ్లాసులతో గదిలోకి రాగానే స్పీకరు మళ్ళీ అందుకుంది.

"చూసిన్రా సార్? ఈమె అడుగువెడితె చాలు, నా గొట్టం ఖరాబయితది," నవ్వాడు వెంకట్రాజం.

గైడ్ నవ్వలేదు. పరీక్షకని తెచ్చిన చిన్న రేడియేషన్ కౌంటరు తీసి ఆమె పొత్తికడుపు ముందు పట్టాడు. అది ఆగకుండా మోగింది.

"అమ్మా, గడ్డ కరగడానికి లోపల రేడియం సూదులు పెట్టిన్రా?"

"పెట్టిన్రు సార్. ఇంటికి తోలేటప్పుడు అన్నీ తీసిన్రు."

అన్నీ తీయలేదు.