మీ ఎడమా, నా ఎడమా?

“ఎడమకి! ఎడమకి తిప్పమంటే కుడికి పోతావేంటే?”

“మీ ఎడమా, నా ఎడమా?” కారు కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది భార్య.

“ఎడమల్లో కూడా రకాలుంటాయా?”

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులూ గాలిలో తిప్పుతూ అరుస్తున్న ఆ మనిషిని సరస్సు ఒడ్డున అందరూ కెప్టెన్ గారంటారు. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు. తెల్లటోపీతో పాటు ఆయనే తెచ్చుకున్నాడు. వారమంతా ఆఫీసులో పిల్లిలా ఉండి, ఆదివారం తన మోటారు పడవ దగ్గరికి రాగానే పులి అయిపోతాడు. ఆ పులికి ఉన్న సిబ్బంది అంతా కలిపి ఆయన భార్యే.

కారుకు తగిలించిన ట్రైలర్‌ను ర్యాంపు మీదుగా నీళ్ళలోకి దింపాలి. దాని మీదికి పడవను లాగాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. కానీ ఆవిడ అద్దాలు చూసుకుని తనంతట తానే రివర్స్ చేసేస్తే ఇక కెప్టెన్ ఎందుకు? అందుకే కారు రెండు పక్కల అద్దాలనూ ఆయన ముందే మడిచేశాడు.

“అద్దాలు చూశావంటే నా మాట వినవు,” అన్నాడు. “ర్యాంపు ఎక్కేటప్పుడు కూడా అంతే. వెనకనుంచి ఎవరేం అరిచినా ఆపకు. నా గొంతు ఒక్కటే వినాలి.”

ట్రైలర్ మళ్ళీ అడ్డం తిరిగింది. తన వంతు కోసం ఆగిన నీలం వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. గట్టు మీద గాలం వేసుక్కూర్చున్న తాత చేపల సంగతే మర్చిపోయి చూస్తున్నాడు.

“మా ఆవిడకి రివర్స్ రాదండీ. ఎంత నేర్పినా అంతే,” అని ఇద్దరికీ వినబడేలా చెప్పాడు కెప్టెన్. ఆడలేక మద్దెల ఓడన్నవాడికైనా కాస్త సిగ్గుంటుంది.

“ఏవండీ, అక్క రైలుకి టైమవుతోంది,” అంది ఆవిడ. “ఉద్యోగం మారి ఊరే వదిలి పోతోంది. మళ్ళీ ఎప్పుడు చూస్తానో ఏమో. పొద్దున మాటిచ్చారు కదా, స్టేషన్‌కి వెళ్ళొచ్చని?”

“పడవ ఎక్కించాక అన్నాను.”

“ఎక్కించగానే వెళ్ళనా మరి?”

“ఎక్కించాక కడగొద్దూ? తుడిచి కవరు కప్పొద్దూ? మీ అక్కేమన్నా చంద్రమండలానికి పోతోందా? ఫోన్ చేసి మాట్లాడు, చాలు.”

ఆవిడకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ పోయాక తనకు జడలేసి బడికి పంపిన అక్క అది. మళ్ళీ స్టీరింగు పట్టుకుంది.

ఈసారి ఏ ఎడమ పనిచేసిందో గాని, ట్రైలర్ తిన్నగా నీళ్ళలోకి దిగింది. కెప్టెన్ తాడు పట్టి పడవను దాని మీదికి లాగుతూ, అడగని వ్యాను డ్రైవరుకు పాఠం మొదలుపెట్టాడు.

“పదిమందిలో తొమ్మిదిమంది చేసే తప్పేంటో తెలుసా? పడవ ముక్కుకి కొక్కెం తగిలించడం మర్చిపోతారు. ర్యాంపెక్కగానే పడవ జర్రున వెనక్కి! అందుకే కొక్కెం నా డిపార్ట్‌మెంటు. ఆవిణ్ణి ముట్టుకోనివ్వను.”

“మంచిదండీ. కాస్త తొందరగా కానివ్వండి,” అన్నాడు డ్రైవరు.

నోరు ఆపకుండానే పడవ ముక్కు దగ్గర వంగి కాసేపు తంటాలు పడి, లేచి చేతులు దులుపుకున్నాడు కెప్టెన్. బుద్ధున్నవాళ్ళెవరైనా అక్కడితో నేలమీద నిలబడతారు. ఆయన పడవెక్కాడు. చూసేవాళ్ళున్నప్పుడు నడిచి రావడం కెప్టెన్లకు నామోషీ.

“నా చలవ కళ్ళద్దాలు!” అని కేకేశాడు.

ఆవిడ కారు దిగి కళ్ళద్దాలు అందించింది. ఆయన అవి పెట్టుకుని, టోపీ సర్దుకుని, ఏ వైపు నిలబడితే బాగుంటుందో చూసుకుంటున్నంతసేపూ పడవ ముక్కుకు పట్టిన నాచు తుడుస్తూ నిలబడింది.

“నాచు ఇంటికెళ్ళాక కడుగుదువుగాని. పోయి బండెక్కు. ఊఁ, పోనీ!”

ఆవిడ పోనిచ్చింది. కారు ర్యాంపెక్కింది, ట్రైలరూ ఎక్కింది. పడవ మాత్రం మనసు మార్చుకుని, సెల్యూట్ కొడుతున్న కెప్టెన్‌తో సహా వెనక్కి జారి సరస్సులోకి వెళ్ళిపోయింది.

“అమ్మా, ఆగమ్మా!” అని తాత అరిచాడు. డ్రైవరు హారన్ మోగించాడు. ఒక్క కెప్టెన్ గొంతే పెగల్లేదు. మరి ఆవిడ వినాల్సింది ఆ గొంతు ఒక్కటే. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

“తొమ్మిదిమందిలో ఈయన ఎన్నోవాడో!” అన్నాడు డ్రైవరు. తాత నవ్వు ఆపుకోలేక గాలం కింద పెట్టేశాడు.

స్టేషన్ బయట ఆవిడ మడిచిన అద్దాలు విప్పుకుని, రెండు లారీల మధ్య సందులోకి ట్రైలర్‌ను ఒక్క దెబ్బకి రివర్స్ చేసింది. పెట్టెలతో నిలబడ్డ అక్క పరుగెత్తుకొచ్చి కావలించుకుంది.

“రాలేవనుకున్నానే! మరిదిగారేరీ?”

“పడవలో ఉన్నారు.”

“పడవేదీ?”

“నీళ్ళల్లో ఉంది.”

అంతలో ఫోన్ మోగింది. స్పీకర్లోంచి కెప్టెన్ గొంతు, ఆఫీసులో వాడే గొంతు, వినబడింది.

“తప్పు నాదేనే... కొక్కెం మర్చిపోయాను. ఎవరికీ చెప్పకేం?”

పెళ్ళయినప్పటినుంచి ఆ నోట ‘తప్పు నాదే’ అన్న మాట రావడం అదే మొదలు. “పర్లేదులెండి, అక్కని రైలెక్కించి వస్తా,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

“పాపం! ఒక్క కొక్కెం తగిలించుకోలేకపోయాడా?” అంది అక్క.

చెల్లెలు అక్క భుజం మీద తల వాల్చింది.

“గట్టిగానే తగిలించారక్కా.”